పద్నాలుగింట ఒకటి

కాకుమాను లాంటి ఊళ్ళో పది పాసైన సాయిబుల పిల్లలకు మొదటి చరిత్ర పాఠం బడిలో కాదు, కుల ధ్రువీకరణ పత్రంలో దొరుకుతుంది. ఒకే మసీదుకు పోయే మూడిళ్ళు. ఒకరిది బీసీ-బి, ఒకరిది బీసీ-ఇ, ఇంకొకరికి ఏదీ లేదు. 'మనమంతా తురకోళ్ళమే గదా, ఇదేంది?' అంటారు పిల్లలు. పెద్దలు చెప్పలేరు. వాళ్ళకూ ఎవరూ చెప్పలేదు.

చెప్పుకుందాం. 1953 దాకా మన గుంటూరు జిల్లా మద్రాసు కింద ఉంది. అక్కడ 1927 నాటి కమ్యూనల్ జీవో పన్నెండు ఉద్యోగాల్లో రెండు ముస్లింలకిచ్చింది. తర్వాత వైద్య కళాశాలల్లో పద్నాలుగు సీట్లకొకటి. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ ఏడే రాజ్యాంగాన్ని సవరించి వెనకబడినవాళ్ళకు దారి తెరిచారు. ఆ దారిన మనం కనపడ్డానికి చాలా ఏళ్ళు పట్టింది. 1970 నాటి బీసీ జాబితాలో దూదేకులకు, అంటే నూర్‌బాషాలకు, చోటు దొరికింది. మరి అత్తరు సాయిబు? క్షౌరం చేసే హజాం? రాళ్ళు కొట్టే తురక కాశ? బిచ్చమెత్తే ఫకీరు? వీళ్ళంతా నవాబుల వారసులైపోయారు!

2004లో, 2005లో ఇచ్చిన అయిదు శాతాన్ని హైకోర్టు రెండుసార్లూ కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక వృత్తుల్నీ వెనకబాటునీ లెక్కగట్టాక నాలుగు శాతం చట్టమొచ్చింది. సయ్యదులు, పఠాన్లు, మొఘలులు అందులో లేరు. మతానికిచ్చిందయితే వాళ్ళనెందుకు వదిలేస్తారు? 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి వదిలింది. ఆ ఏడు పుట్టిన పిల్లలు పలక పట్టి, హైస్కూలు మెట్లెక్కినా తుది తీర్పు రాలేదు. ఒక తరం చదువంతా మధ్యంతరమే!

సీటొస్తే 'బుజ్జగింపు' అంటారు. బిడ్డలారా, తల దించుకోకండి. మీ తాతలకు పద్నాలుగింట ఒకటి రాసిచ్చిన కాగితం ఈ మాట కంటే పాతది. అయితే మనల్ని మనమూ అడుక్కోవాలి. పదికి ముందే మెకానిక్ షెడ్డుకు పోయిన పిల్లాడికి, నిఖా పేరుతో బడి మానిపించిన పిల్లకు ఈ నాలుగు శాతం ఏం చేస్తుంది? కోర్టు తీర్పు మన చేతిలో లేదు. వాళ్ళను పది దాటించడం మన చేతిలోదే.