రామగుండం విద్యుత్తు - అమెరికా విదేశాంగ నీతి

నాటి కరీంనగర్ జిల్లా, నేటి పెద్దపల్లి జిల్లాలోని రామగుండంలో ‘బి’ థర్మల్ విద్యుత్ కేంద్రం 1971 అక్టోబరులో ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం 62.5 మెగావాట్లు. ఇంధనం సింగరేణి బొగ్గు. యాజమాన్యం రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలిది. నిర్మాణానికి తోడ్పడినది అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ. గోదావరిఖని కార్మికుడు తవ్విన బొగ్గుకూ, వాషింగ్టన్‌లో రూపొందిన విదేశాంగ నీతికీ ముడి ఇక్కడ పడింది. ఆ సహాయం ఔదార్యమా, రాజనీతియా అన్నది విచారించదగిన విషయం.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికా విదేశాంగ నీతికి సోవియట్ ప్రాబల్యాన్ని అరికట్టడమే ప్రధాన లక్ష్యమయింది. సైనిక ఒప్పందాలతో పాటు ఆర్థిక సహాయం కూడా అందుకు సాధనంగా ఉపయోగపడింది. 1954లో ఐసెన్‌హోవర్ పి.ఎల్. 480 చట్టంపై సంతకం చేశారు. అమెరికాలో పేరుకుపోయిన మిగులు ధాన్యానికి దానివల్ల మార్గం దొరికింది. మన దేశంలో ఆకలి బాధ కొంత తీరింది. 1961లో కెన్నెడీ ప్రభుత్వం అభివృద్ధి సంస్థను నెలకొల్పింది.

అయితే ఈ సహాయం అందరికీ, అన్ని వేళలా ఒకే తీరున లభించలేదు. ఈజిప్టు తటస్థ విధానం అమెరికాకు రుచించలేదు. 1956 జూలై 19న అస్వాన్ ఆనకట్టకు ఇస్తానన్న సహాయాన్ని అది ఉపసంహరించుకొన్నది. వారం తిరిగేసరికి నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశారు. ఆనకట్ట నిర్మాణానికి రష్యా తోడ్పడింది. 1963లో బొకారో ఉక్కు కర్మాగారం విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. ప్రభుత్వ రంగంలో ఉక్కు పరిశ్రమకు డబ్బివ్వడాన్ని అమెరికా కాంగ్రెస్ వ్యతిరేకించింది. భారతదేశం తన అభ్యర్థనను విరమించుకొని రష్యా సహకారం పొందింది.

రామగుండం కేంద్రం కూడా ప్రభుత్వ రంగంలోనిదే. కాని విద్యుత్తు ప్రైవేటు పరిశ్రమకు పోటీ కాదు; దానికి ఊతం. ఈ తేడాను గమనిస్తే సహాయం వెనుకనున్న విచక్షణ బోధపడుతుంది.

1965, 1966 సంవత్సరాలలో దేశం కరవుతో అల్లాడుతుండగా, అధ్యక్షుడు జాన్సన్ గోధుమల రవాణాను స్వల్పకాలిక అనుమతులతో తన చేతిలో ఉంచుకొన్నారు. వ్యవసాయ విధానంలో మార్పులు రావాలన్నది ఆయన కోరిక. వియత్నాం యుద్ధంపై భారతదేశ విమర్శ ఆయన ఆగ్రహానికి మరొక కారణం.

1971లో ఈ నీతి మరింత స్పష్టమయింది. రామగుండంలో ఉత్పత్తి మొదలై రెండు నెలలు గడవకముందే భారత, పాకిస్తాన్ యుద్ధం వచ్చింది. డిసెంబరు 6న నిక్సన్ ప్రభుత్వం భారతదేశానికి రావలసిన 8 కోట్ల 76 లక్షల డాలర్ల సహాయాన్ని నిలిపివేసింది. తర్వాత ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పటికి చైనాతో మైత్రికి పాకిస్తాన్ మధ్యవర్తిగా ఉన్నది. తూర్పు బెంగాల్ ప్రజల దుఃస్థితి కంటే ఆ మైత్రే వాషింగ్టన్‌కు ముఖ్యమయింది. పాకిస్తాన్‌తో స్నేహమంటే అక్కడి ముస్లిం ప్రజలతో స్నేహమని అర్థం కాదనడానికి తూర్పు బెంగాల్ ముస్లింల గతియే నిదర్శనం.

రామగుండం ‘బి’ కేంద్రంలో 2024లో ఉత్పత్తి ఆగిపోయింది. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ సహాయ సంస్థనే మూసివేసింది. ఇచ్చినవారి ఉద్దేశాలు ఏవైనా, అర్ధ శతాబ్దానికి పైగా ఆ కేంద్రం వెలుగునిచ్చిన మాట వాస్తవం. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. దానిని చూసి దాత ప్రయోజనాన్ని మరవడం వివేకం కాదు. సహాయం స్వీకరించిన దేశం స్వతంత్రంగా మాట్లాడగలగాలంటే దానికి సొంత ధాన్యం, సొంత ఇంధనం ఉండాలి. గోదావరిఖని బొగ్గు విలువ అక్కడే ఉన్నది.