కుర్చీ ఎవరిది? కుర్చీ కింద నేల ఎవరిది?
అట్లాంటా ఆబర్న్ వీధి నుంచి మనం నేర్చుకోవాల్సింది

మన పల్లెల్లో మంగలి కత్తికి ఒక పొలిమేర ఉండేది. పొద్దున్నే పొది చంకన పెట్టుకుని దొర ఇంటికి, పటేలు ఇంటికి, కోమటి ఇంటికి పోయే మనిషి వాడ మొదట్లోనే ఆగిపోయేవాడు. మాలవాడలో, మాదిగవాడలో ఒకరి తల ఒకరు కత్తిరించుకునేవాళ్ళు. డబ్బుల్లేక కాదు, మంగలి లేక కాదు. అంబేద్కర్ తన చిన్నతనం గురించి చెప్పింది కూడా ఇదే. సతారాలో మంగళ్ళున్నారు, ఇవ్వడానికి డబ్బులున్నాయి. కానీ అంటరానివాళ్ళ తల ముట్టడానికి ఏ మంగలీ ఒప్పుకోడు. అందుకని వాళ్ళ పెద్దక్కే తమ్ముళ్ళకు క్షవరం చేసేది.

ఆ పిల్లవాడే పెద్దయి రాజ్యాంగం రాసేటప్పుడు ‘దుకాణం’ అనే మాట దగ్గర పట్టుబట్టాడు. దుకాణంలోకి రానిస్తే సరిపోదు, అక్కడ దొరికే సేవ కూడా అందరికీ అందాలి అని 1948లో రాజ్యాంగ సభలో వివరించాడు. అంటరానితనాన్ని శిక్షించే 1955 చట్టం దుకాణం అంటే ఏమిటో చెబుతూ చాకలి షాపునూ, హెయిర్ కటింగ్ సెలూన్‌నూ పేరుపెట్టి చేర్చింది. ఒక దేశపు చట్టం మంగలి షాపును పేరుపెట్టి రాయాల్సి వచ్చిందంటే ఆ కుర్చీ మామూలు కుర్చీ కాదని అర్థం.

ఇక్కడ ఇంకో సంగతి మర్చిపోగూడదు. వాడ మొదట్లో ఆగిపోయిన ఆ మంగలి పెత్తందారేమీ కాదు. ఏడాదికోసారి కల్లంలో కొలిచిపోసే మేర గింజల మీద బతికేవాడు. దళితుడికి క్షవరం చేశాడని తెలిస్తే ఊరు అతని మేర ఆపేస్తుంది, వెలేస్తుంది. కత్తి అతని చేతిలో ఉన్నా, ఎవరి గడ్డం గీయాలో తేల్చేది ఊరి పెత్తనం. నిచ్చెన మెట్ల కులవ్యవస్థ అంటే ఇదే. కింద మెట్టు మీదున్నవాడిచేతే ఇంకా కిందనున్నవాణ్ణి తన్నిస్తుంది.

ఈ సంగతి మనసులో పెట్టుకుని అమెరికాలోని ఒక వీధి చరిత్ర చూద్దాం. ఎందుకు అమెరికా అని అడగొచ్చు. నల్లవాళ్ళ చరిత్రతో మనకు సంబంధం కొత్తది కాదు. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వం మీద పోరాడిన అమెరికా ప్రజలకే అంకితం చేశాడు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు చూసే తమకు పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఈమధ్య ఈ సంబంధం ఇంకో దారి పట్టింది. 2002 భోపాల్ పత్రం, 2005లో పూణేలో పుట్టిన దళిత వాణిజ్య మండలి తర్వాత, వ్యాపారమే విముక్తి అనేవాళ్ళు కూడా నల్ల అమెరికానే ఉదాహరణగా చూపిస్తున్నారు. అయితే ఆ ఉదాహరణను మొదటినుంచీ చివరిదాకా చూడాలి. సగం చూసి ఆగిపోతే ఎట్లా?

తెల్లవాళ్ళ కుర్చీ, నల్లవాడి షాపు

అలాంజో హెర్న్‌డన్ 1858లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. తల్లి బానిస, తండ్రి ఆమె యజమాని అయిన తెల్లవాడు. గడీల్లో ఆడబాపల పిల్లల సంగతి తెలిసినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. బానిసత్వం పోయాక ఆ కుటుంబానికి తండ్రి ఆస్తిలో చారెడు నేల కూడా రాలేదు. పాలుకు పొలం పనులు చేశారు. 1878లో 11 డాలర్లు చేతిలో పెట్టుకుని కాలినడకన ఊరు వదిలాడు హెర్న్‌డన్. అప్పటికి బళ్ళో చదివింది మొత్తం కలిపి ఏడాది. మంగలి పని నేర్చుకుని 1883లో అట్లాంటా చేరాడు. మొదట ఒక నల్లమనిషి షాపులో కూలికి చేశాడు. ఆరు నెలల్లో అందులో సగం వాటా కొన్నాడు. ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి మూడు షాపులకు యజమాని.

అందులో పెద్దది పీచ్‌ట్రీ వీధి 66వ నంబరు. పాలరాయి, వేలాడే గాజు దీపాల గుత్తులు, ఖరీదైన కుర్చీలు. జడ్జీలు, లాయర్లు, రాజకీయ నాయకులు, వ్యాపారులు అక్కడికే వచ్చేవాళ్ళు. పనిచేసేవాళ్ళంతా నల్లవాళ్ళు. గడ్డం గీయించుకునేవాళ్ళంతా తెల్లవాళ్ళు. నల్లమనిషి ఆ షాపుకు యజమాని కావచ్చు, పనివాడు కావచ్చు. ఆ కుర్చీలో కూర్చోడానికి మాత్రం వీల్లేదు. ఒక్క నల్లమనిషి కూర్చున్నాడంటే మర్నాటి నుంచి తెల్లవాళ్ళు రారు.

మన ఊరి మంగలి వాడ మొదట్లో ఎందుకు ఆగాడో హెర్న్‌డన్ షాపు తలుపు అందుకే తనవాళ్ళకు మూసి ఉంది. మన దగ్గర మేర గింజలు, అక్కడ డాలర్లు. తేడా అంతే. హెర్న్‌డన్‌ను ద్రోహి అని తేల్చేయడం తేలిక. కానీ సొంత షాపు ఉన్నవాడికి కూడా ఎవరికి సేవ చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ లేదన్నదే ఇక్కడ అసలు సంగతి. ఆస్తి ఉంది, అధికారం లేదు.

1906 సెప్టెంబరు 22

ఆస్తి ఏపాటి రక్ష ఇస్తుందో 1906లో తేలిపోయింది. ఆ ఏడు గవర్నరు పదవికి పోటీపడిన ఇద్దరూ పత్రికలతో సంబంధం ఉన్నవాళ్ళు. నల్లవాళ్ళ ఓటు తీసేయడంలో నేను ముందంటే నేను ముందని పోటీలు పడ్డారు. నల్లవాళ్ళు తెల్ల ఆడవాళ్ళ మీద పడుతున్నారంటూ రుజువులేని వార్తలు పత్రికలు వరసగా అచ్చేశాయి. సెప్టెంబరు 22 శనివారం రాత్రి వేలమంది తెల్లవాళ్ళు రోడ్ల మీదికొచ్చి కనబడ్డ నల్లవాళ్ళనల్లా కొట్టి చంపారు. దాడులు మూడు రోజులు సాగాయి. కనీసం 25 మంది నల్లవాళ్ళు చనిపోయారు. ఇంకా చాలా ఎక్కువమంది అని చెప్పే లెక్కలూ ఉన్నాయి.

గుంపు హెర్న్‌డన్ షాపు అద్దాలు పగలగొట్టింది. ఆరోజు తొందరగా మూసి ఇంటికెళ్ళాడు కాబట్టి అతను బతికాడు. రోడ్డుకు అవతల ఉన్న ఇంకో మంగలి షాపులోకి గుంపు జొరబడి పనివాళ్ళను చంపేసింది. అదే గుంపు కులస్తులకు రోజూ గడ్డాలు గీసిన చేతులవి. కత్తి గొంతు మీద పెట్టించుకునేంత నమ్మకం ఉంది కదా, మనుషులుగా చూస్తారులే అనుకోవడం ఎంత పెద్ద భ్రమో ఆ రాత్రి తేలింది. మన చుండూరు, కారంచేడు మర్చిపోనివాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. కూలీగా ఉన్నంతసేపు కావలసినవాడే, తలెత్తినరోజు శత్రువు.

ఆ తర్వాత కూడా వదల్లేదు. 1926లో అట్లాంటా నగర పాలక మండలి ఒక శాసనం చేసింది. నల్ల మంగళ్ళు ఆడవాళ్ళకూ, 14 ఏళ్ళలోపు పిల్లలకూ జుట్టు కత్తిరించగూడదు. వెనకుండి నడిపింది తెల్ల మంగళ్ళ సంఘం. అప్పటిదాకా నల్లవాళ్ళ చేతిలో ఉన్న పనిని శుభ్రత పేరుతో, ఆడవాళ్ళ రక్షణ పేరుతో లాక్కోడానికి చూశారు. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని కొట్టేసింది. ఒక పని నీచమైనదిగా ఉన్నంతకాలం దళితుడిది, శూద్రుడిది. అందులో నాలుగు డబ్బులు కనబడగానే అందరిదీ అవుతుంది. ఇది అట్లాంటాకు మాత్రమే చెందిన సంగతి కాదు.

ఆబర్న్ వీధి: మన కుర్చీలో మనం

1906 తర్వాత నల్లవాళ్ళ వ్యాపారాలు నగరం నడిబొడ్డు నుంచి తూర్పున ఉన్న ఆబర్న్ వీధికి జరిగాయి. కొంత భయంతో, కొంత పట్టుదలతో. హెర్న్‌డన్ 1905లోనే చర్చీల మీద ఆధారపడి నడిచే ఒక చిన్న చావుఖర్చుల సహాయ సంఘాన్ని 140 డాలర్లకు కొన్నాడు. ప్రభుత్వం కొత్తగా పెట్టిన నిబంధన ప్రకారం 5,000 డాలర్లు డిపాజిట్ కట్టాలి. పేదవాళ్ళ సంఘం అంత ఎక్కడ తెస్తుంది? ఆ డబ్బు హెర్న్‌డన్ కట్టాడు. అదే పెరిగి అట్లాంటా లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ అయింది. తెల్లవాళ్ళ గడ్డాలు గీసి సంపాదించిన డబ్బు నల్లవాళ్ళ చావుకూ రోగానికీ భరోసా అయింది.

ఆ వీధిలో 1921లో సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు, 1928లో అట్లాంటా వరల్డ్ పత్రిక వచ్చాయి. హోటళ్ళు, మందుల షాపులు, దర్జీ షాపులు, ఆడవాళ్ళ జుట్టు పనిచేసే పార్లర్లు, వాటి పక్కనే మంగలి షాపులు వెలిశాయి. ఇక్కడ కుర్చీలో కూర్చునేది నల్లవాడే. మంగలి షాపు వాళ్ళకు రచ్చబండ అయింది. తెల్ల దొర చెవిలో పడుతుందన్న భయం లేకుండా ఓటు గురించి, జీతాల గురించి, చంపబడ్డవాళ్ళ గురించి మాట్లాడుకున్న చోటు అది. తెల్లవాళ్ళ మీద ఆధారపడని మంగలిని పనిలోంచి తీసేస్తామని బెదిరించలేరు. మార్టిన్ లూథర్ కింగ్ 1929లో పుట్టింది ఈ వీధిలోనే.

అట్లని ఆ రోజుల్ని బంగారు యుగం అనలేం. ఆబర్న్ వెలిగింది వెలి వల్ల. ఇంకెక్కడికీ రానివ్వరు కాబట్టి ఉన్న డబ్బంతా ఒక్క వీధిలో తిరిగింది. వాడను పొగిడి వెలిని మర్చిపోతే పొరపాటవుతుంది.

రోడ్డు వచ్చింది

ఆ వీధిని గుంపు కూల్చలేదు. రోడ్డు కూల్చింది. నగరం మధ్యనుంచి వేసిన పెద్ద హైవే 1960ల నాటికి ఆబర్న్‌ను రెండు ముక్కలు చేసింది. ఇళ్ళు పోయాయి, షాపులు పోయాయి. రోజూ గడ్డం గీయించుకునే మనుషులే వేరే పేటలకు వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే, 1964 పౌరహక్కుల చట్టంతో మిగతా షాపుల తలుపులు తెరుచుకున్నాయి. ఇది పోరాడి గెల్చుకున్న హక్కు. కానీ నల్లవాళ్ళ డబ్బు బయటికి వెళ్ళింది, తెల్లవాళ్ళ డబ్బు ఆబర్న్‌కు రాలేదు. 1992లో, మళ్ళీ 2012లో అమెరికా వారసత్వ కట్టడాల సంస్థ ఈ వీధిని ప్రమాదంలో ఉన్న చోట్ల జాబితాలో పెట్టింది.

ఇక రెండో దెబ్బ. 2012లో దగ్గర్లో పాత రైలుకట్ట మీద నడకదారి తెరిచారు. 2014 చివర్లో ఈ వీధి మీదుగా ట్రాము నడిపారు. చుట్టుపక్కల పేటల్లో ఇళ్ళ ధరలు, అద్దెలు పెరిగాయి. ఇది చట్టం చేసి తరమడం కాదు, గుంపు వచ్చి కొట్టడం కాదు. అద్దె చీటీ మీద అంకె మారుతుంది, అంతే. ఇప్పుడక్కడ గట్టిగా నిలబడ్డవి ఏవి? బిగ్ బెతెల్, వీట్ స్ట్రీట్, ఎబెనెజర్ వంటి నల్లవాళ్ళ చర్చీలు. ఎందుకంటే వాటి కింద నేల వాటిదే.

మూడు ప్రశ్నలు

ఈ చరిత్రలో మూడు ప్రశ్నలున్నాయి. కుర్చీ ఎవరిది? కుర్చీలో ఎవరు కూర్చోవచ్చు? కుర్చీ కింద నేల ఎవరిది? హెర్న్‌డన్ పీచ్‌ట్రీ వీధిలో మొదటిదాన్ని గెలిచి రెండోదాన్ని ఒదులుకున్నాడు. ఆబర్న్ మొదటి రెండింటినీ గెలిచింది. మూడోది దగ్గర ఓడిపోయింది. దళిత పెట్టుబడి గురించి మాట్లాడేవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. ఆత్మగౌరవం గురించి మాట్లాడే మనం చాలాసార్లు రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాం.

మన పట్నాల్లో రెండో ప్రశ్నను డబ్బు కొంతవరకు తీర్చింది. హైదరాబాదు సెలూన్‌లో మన పిల్లవాడు కూర్చుంటే కులం అడక్కుండా కత్తెర ఆడుతుంది. పల్లె వదిలి పట్నం రావడంలో ఈ స్వేచ్ఛ కూడా ఉంది, దాన్ని తక్కువ చేయగూడదు. కానీ మూడో ప్రశ్న అట్లాగే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇచ్చింది. మంచిదే. మీటరు బిల్లు తగ్గుతుంది, అద్దె తగ్గదు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. చెప్పుల డబ్బా, ఇస్త్రీ బండి, టీ బండి మాత్రం రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందుగా లేచేవే. పరిహారం మాట వచ్చినప్పుడు మొదట అడిగేది పట్టా ఎవరి పేరున అని.

వాడ మొదట్లో ఆగిపోయిన మంగలి కొడుకు, వాడలోంచి బయటపడ్డ మాదిగ కొడుకు ఇవాళ ఒకే వీధిలో ఒకే రకం అద్దె షాపుల్లో ఉన్నారు. ఒకరిది సెలూను, ఇంకొకరిది చెప్పుల షాపు. ఇద్దర్నీ లేపేది ఒకే కాగితం. తాతల కాలంలో ఊరి పెత్తనం వాళ్ళ మధ్య గీసిన గీతను ముందు మంగలి కొడుకే తుడిచేయాలి, ఎందుకంటే కత్తి అటువైపు ఉండేది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నేల గురించి అడగాలి. పల్లెలో భూమి అడిగినట్టే పట్నంలో కూడా భూమి అడగాలి. అది ఆరడుగుల జాగానే కావచ్చు, ఒక కుర్చీ పట్టేంత చోటే కావచ్చు. ఆ నేల మనది కానంతవరకు కుర్చీ మనదని చెప్పుకోవడం ఎన్నాళ్ళు?