లైసెన్సు పోతే పోయేదేంది? (మా కల్లూరు కథలు – 17)



"అన్నా, తాగి బండి నడిపినోని లైసెన్సు ఆపితే తప్పేముంది?" అని పోయిన వారం ఒక తమ్ముడు అడిగినాడు. తప్పేం లేదు. 2025 అక్టోబరు 24 తెల్లారుజామున మా కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర, హైవే మీద, తాగి బైకు నడిపిన 22 ఏండ్ల పిల్లోడు పడి చనిపోయినాడు. రోడ్డు మీద పడున్న ఆ బైకు బెంగుళూరు పోయే ప్రైవేటు బస్సు కింద చిక్కుకొని మంటలు లేచినాయి. 19 మంది ప్రయాణికులు కాలిపోయినారు. అది చూసినాక తాగి నడిపేవాన్ని వెనకేసుకొచ్చే నోరు నాకు లేదు.

అయినా ఈ శిక్ష బరువు ఎవరి మీద ఎంత పడుతుందో అడగాల. అడిగిన చరిత్ర మన కర్నూలుకు ఉంది.

రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటేడు కడప, చిత్తూరు జిల్లాలకు తెచ్చింది. 1948కి మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమంది, ప్రకాశం పంతులు వినలేదు. 1954 నవంబరు 6న, మా హంద్రీకి అవతల, కర్నూలు అసెంబ్లీలో ఆయన ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలింది. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన కొట్లాడినాడు. చేతిపనినే నేరం చేస్తే ఆ ఇండ్లు ఎట్లా గడవాల? ఆ ప్రశ్న సర్కారునే పడగొట్టింది. (దూబగుంట ఆడోళ్ల పోరాటం, 1995 నిషేధం, 1997లో సడలింపు ఇదివరకే రాసినా.)

ఇప్పుడు డ్రైవరు చేతిపని సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మత్తుమందులకూ అదే సెక్షను. 2015లో సుప్రీంకోర్టు కమిటీ కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. 2019 సవరణతో మొదటి తప్పుకే జరిమానా 10,000 దాకా పోయింది. పద్దెనిమిది నిండనివాడు బండితో నేరం చేస్తే 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సే లేదు.

మూడు నెలలు అందరికీ ఒకటే కాదు. కారున్న ఇంట్లో పిల్లోడు దొరికితే ఒక డ్రైవరును పెట్టుకుంటారు. ఆ డ్రైవరు మా పేటలోవాడే అయ్యుంటాడు. వాడే దొరికితే? వానాధారం చేను, అదీ వేరేవాళ్లది. ఆటో, జేసీబీ, బెంగుళూరు క్యాబు తప్ప ఇంకేముంది?

మా జేజినాయన పెద్దోళ్ల వీధి వస్తే సైకిలు దిగి నడిపించుకుంటా పోయేవాడు. మా చిన్నాయన లారీ లైసెన్సు చేతికొచ్చిన పొద్దు దాన్ని అంబేడ్కర్ పటం ముందర పెట్టినాడు. మా ఇంట్లో ఫొటో అంటించిన మొదటి సర్కారు కాగితం అది.

2024 అక్టోబరు పాలసీలో 99 రూపాయలకే క్వార్టరు అమ్మే సర్కారు, ఆ కాగితాన్ని ఆపేటప్పుడు కనీసం పద్ధతి పాటించాల. ఆర్టీవో ఆపే ముందర నీ మాట వినాల, అది 19వ సెక్షనులోనే ఉంది. ఉత్తర్వు మీద 30 రోజుల్లోపల అప్పీలు చేసుకోవచ్చు. తమ్ముళ్లారా, నోటీసును గూట్లో పడేయొద్దండి, తీసుకొని రాండి, కలిసి జవాబు రాద్దాం. తాగిన రాత్రి మాత్రం తాళంచెవి ఇంట్లో ఇచ్చేయండి.

ఊరు దాటాలంటే పాసు అడిగిన 1911 నేరజాతుల చట్టం గురించి వచ్చే భాగంలో.