ఇనుగుర్తి అచ్చుకూటము

కథ పుట్టుటకు ఒక మనస్సు చాలును. అది పుస్తకమై పాఠకుని చేతికి చేరుటకు మాత్రము కాగితము, సీసపు అక్షరములు, సిరా, యంత్రము, తపాలా, వీనికన్నింటికి తగిన ధనము కావలెను. సాహిత్య చరిత్రలలో మొదటిదానిని గూర్చి ఎక్కువగను, రెండవదానిని గూర్చి తక్కువగను వ్రాయుట వాడుక. ఓరుగల్లు సీమలో ఇనుగుర్తి అను పల్లెయందలి ఇద్దరు అన్నదమ్ముల చరిత్ర చదివినచో ఈ రెండవది ఎంత కష్టమైనదో తెలియును.

ఒద్దిరాజు సీతారామచంద్రరావుగారు 1887లోను, వారి తమ్ముడు రాఘవరంగారావుగారు 1894లోను జన్మించిరి. ఇనుగుర్తి అప్పుడు నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలో ఉండెను; 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఆ రాజ్యమున అధికారభాష ఉర్దూ. 1918లో హైదరాబాదున వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే జరిగెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. అట్టి కాలమున పల్లెలో కూర్చుండి తెలుగు నవల వ్రాయుట ఒక సాహసము. దానిని అచ్చువేయుట అంతకు మించిన సాహసము.

తెలుగు ప్రచురణకు అప్పటి పెద్ద కేంద్రములు మద్రాసు, రాజమహేంద్రవరము వంటి నగరములు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి కూడ కొలదికాలమునకే మద్రాసునకు తరలిపోయినది. ఆ మండలి నవలలకు పోటీలు పెట్టి, బహుమతు లిచ్చి, చారిత్రక నవలకు ప్రోత్సాహము కలిగించినది. కాని పోటీకి పంపిన గ్రంథమునకు తీర్పు ఇతరుల చేతిలో నుండును. ఆ తీర్పునకై వేచియుండక తన దారి తాను వేసికొనిన రచయితలు ముందును ఉండిరి. వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1878లో రాజశేఖర చరిత్రమును ఆ పత్రికలోనే వెలువరించిరి. విదేశములలోను ఇట్టి ఉదాహరణము కలదు. 1917లో వర్జీనియా వుల్ఫ్, ఆమె భర్త లెనార్డు లండను చెంతనున్న రిచ్మండులో ఒక చిన్న చేతియంత్రమును కొని, భోజనపుగదిలో నుంచుకొని, తమ కథలను తామే అచ్చువేసిరి. సంపాదకుని మెప్పుతో పనిలేక తలచినది వ్రాయగల స్వేచ్ఛ తనకు ఆ యంత్రము వలన లభించినదని ఆమె భావించినది.

ఒద్దిరాజు సోదరులు విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాలను నెలకొల్పి తమ గ్రంథములను తామే ప్రకటింప సాగిరి. ఇనుగుర్తిలోనే అచ్చుకూటమును పెట్టిరి. 1922 ఆగస్టు 27వ తేదీన ఆ పల్లెనుండి 'తెనుగు' అను వారపత్రిక వెలువడినది. అంతకు మూడు దినముల ముందే నల్లగొండలో షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను ప్రారంభించియుండిరి. ఇనుగుర్తిలో వ్రాయువారు, దిద్దువారు, అక్షరములు కూర్చువారు, అచ్చొత్తువారు, పంపువారు అందరును ఆ సోదరులే.

చేతియంత్రపు పని ఎట్టిదో నేటివారికి చెప్పవలసియున్నది. ఒక్కొక్క సీసపు అక్షరమును అరనుండి తీసి, అద్దములో కనబడు రీతిగా తలక్రిందులైన వరుసలలో పేర్చవలెను. ఇంగ్లీషునకు చిన్నవి పెద్దవి కలిపి 52 అక్షరములు చాలును. తెలుగునకు గుణింతములు, ఒత్తులు చేరి వందలకొలది అచ్చులు కావలెను. కూర్చిన పుటను చట్రమున బిగించి, సిరా పూసి, కాగితము పరచి, బలముగ అదుమవలెను. పని ముగిసిన వెంటనే అక్షరములను కడిగి, విడదీసి, మరల అరలలో వేయవలెను. సీసము కొలదిగా నున్న చోట తరువాతి పుటకును అవే అక్షరములు కదా! వారము వారము ఈ పనిని చేయువానికి ఒక్క వ్యర్థపదము వ్రాయుటకైనను మనసొప్పదు.

వారి కల్పనకు మూలము లెవ్వి? మొదటిది పుట్టిన నేల. ఓరుగల్లు కోటలో నిలిచిన నాలుగు తోరణములు, 1163 నాటి వేయిస్తంభముల గుడి, 1213 నాటి రామప్ప గుడి చూచి పెరిగినవానికి కాకతీయులు పాఠ్యపుస్తకములోని పేర్లు కారు. ఈ సోదరుల నవలలలో ప్రసిద్ధమైనది 'రుద్రమదేవి'. తెలంగాణమున వెలసిన తొలి చారిత్రక నవలలలో దీనిని పేర్కొందురు.

రుద్రమదేవి కథ నవలాకారునకు ఏల తగినదో గమనింపుడు. 1262 నుండి 1289 వరకు ఆమె పాలించెను. పాత చరిత్ర గ్రంథము లామెను గణపతిదేవుని భార్యగా చెప్పినవి. మార్కోపోలో కూడ ఆమెను భర్త మరణానంతరము రాజ్యమేలిన రాణిగా వ్రాసినాడు. శాసనములు ఆమె గణపతిదేవుని కూతురని తేల్చినవి. రుద్రదేవ మహారాజను పురుషనామముతో ఆమె రాజ్యమేలినదని శాసనములు చెప్పును. ఆ పేరును ధరించిన దినమున ఆమె మనస్సున నేమి కదలినదో ఏ శాసనమును చెప్పదు. శిల మౌనము వహించిన చోట కల్పన మాట తీయును. అందుచేతనే అడివి బాపిరాజుగారు గోన గన్నారెడ్డిలోను, నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవిలోను మరల ఆ కాలమునకే పోయిరి.

రెండవ మూలము పరభాషలు. సోదరులు పెక్కు భాషలు నేర్చిరి. వంగభాష నుండి రవీంద్రుని నవలను తెలుగులోనికి తెచ్చిరి. మూడవది చేతిపని. గడియారములు బాగుచేయుట మొదలు వైద్యము వరకు ఎన్నో విద్యలు వారికి వచ్చును. యంత్రమునకు వెరవనివారు గనుకనే అచ్చుయంత్రమునకును వెరవలేదు.

కాని స్వాతంత్ర్యమునకు మూల్యము కలదు. సొంత యంత్రముతో అచ్చువేయు రచయితకు లాభమును నష్టమును రెండును తనవే. 1927లో 'తెనుగు' ఆగిపోయినది. వెనుక నిలిచి పుస్తకములను మరల మరల అచ్చువేయు సంస్థ లేనప్పుడు, ఒకసారి అచ్చయిన ప్రతులు చెదరిపోవును. చెదలకు చిక్కగా మిగిలినవి ఏదో గ్రంథాలయపు బీరువాలో నిద్రించును. నిజాము రాజ్యమున తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటింపవలసి వచ్చినది. కవులు లేకపోలేదు, కవితలు లేకపోలేదు. అచ్చయి దూరప్రాంతములకు చేరిన కాగితము లేదు.

సీతారామచంద్రరావుగారు 1956లోను, రాఘవరంగారావుగారు 1973లోను గతించిరి. గ్రంథమును పుట్టించిన రచయిత దానిని అచ్చువరకు తెచ్చుట ఒక తరము పని. దానిని వెదకి, దుమ్ము దులిపి, మరల అచ్చువేసి చదివించుట తరువాతి తరముల పని. ఇనుగుర్తి సోదరులు తమ వంతు పని ఎవరికిని అప్పగింపక తామే చేసిరి. మిగిలినది పాఠకులది, గ్రంథాలయములది. మీ యూరి గ్రంథాలయములో పాత బీరువా నొకదానిని తెరిపించి చూడుడు. అట్ట ఊడిన ఒక పుస్తకము మొదటి పుటలో ఇనుగుర్తి పేరు కనబడవచ్చును.