కొండగట్టు బస్సు ప్రమాదం

కొండగట్టు బస్సు ప్రమాదం 2018 సెప్టెంబరు 11, మంగళవారం నాడు తెలంగాణ రాష్ట్రం జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఘాట్ రోడ్డుపై జరిగిన దుర్ఘటన. శనివారంపేట నుండి జగిత్యాలకు వెళ్తున్న ఆర్టీసీ బస్సు కొండ దిగుతూ, చివరి మలుపు వద్ద అదుపు తప్పి లోయలో పడింది. ఇందులో 60 మందికి పైగా మరణించారు. ఆర్టీసీ చరిత్రలో ఇంత ప్రాణనష్టం జరిగిన ప్రమాదం మరొకటి లేదు.

నేపథ్యం

కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయం మల్యాల మండలంలో ఉన్నది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. గుట్టపై నుండి కరీంనగర్ - జగిత్యాల ప్రధాన రహదారికి దిగే ఘాట్ రోడ్డు వాలుగా, మలుపులతో ఉంటుంది. మంగళ, శనివారాలలో ఇక్కడ భక్తుల రద్దీ ఎక్కువ. అయితే ఆనాటి ప్రయాణికులలో అత్యధికులు పరిసర గ్రామాల నుండి పట్టణానికి పనిమీద బయలుదేరినవారు. మృతులలో మహిళలే ఎక్కువ.

కారణాలపై చర్చ

బస్సులో దాని సామర్థ్యానికి దాదాపు రెట్టింపు మంది ఉన్నారని వార్తలు వచ్చాయి. వాలులో నిలబడి ఉన్నవారంతా ముందుకు ఒరిగి ఒకరిపై ఒకరు పడటం వలన పలువురు ఊపిరాడక చనిపోయారు. అనగా లోయ ఎంత లోతన్నదాని కంటే, బస్సులో ఎందరున్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

డ్రైవరు కూడా ప్రమాదంలో మరణించాడు. కొద్ది వారాల ముందే అతడు ఉత్తమ డ్రైవరుగా పురస్కారం అందుకున్నట్లు పత్రికలు వ్రాశాయి. బ్రేకులు పనిచేయలేదని, బస్సు చాలా పాతదని, పెద్ద వాహనాలకు అనువుకాని దారిలో దానిని నడిపించారని ఆరోపణలు వచ్చాయి. జగిత్యాల డిపో మేనేజరును సస్పెండు చేశారు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం 5 లక్షల రూపాయల చొప్పున, ఆర్టీసీ 3 లక్షల చొప్పున పరిహారం ప్రకటించాయి.

చట్టం, కెమెరాలు

2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలో ఈ దుర్ఘటనకు నేరుగా వర్తించదగిన నిబంధనలు రెండున్నాయి. 194ఎ సెక్షను ప్రకారం పరిమితికి మించి ఎక్కించుకున్న ప్రతి ప్రయాణికునికి 200 రూపాయల జరిమానా. అదనపు ప్రయాణికులను దించి, వారికి వేరే ఏర్పాటు చేసేవరకు వాహనం కదలరాదు. 198ఎ సెక్షను రోడ్డు నిర్మాణ, నిర్వహణ లోపాల వలన ప్రాణనష్టం జరిగితే సంబంధిత అధికార సంస్థకు లేదా గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఒక ప్రాణానికి లక్ష ఎక్కువేమీ కాదు గానీ, తప్పు రోడ్డుది కూడా కావచ్చునని చట్టం ఒప్పుకోవటం గమనార్హం.

ఆచరణలో మాత్రం అందరికీ తెలిసినది 136ఎ సెక్షను. ఇది కెమెరాల ద్వారా నిఘాకు వీలు కల్పించింది. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నియమం ప్రకారం ప్రమాదాలు ఎక్కువగా జరిగే జాతీయ, రాష్ట్ర రహదారులపైన, పెద్ద నగరాలలోని ముఖ్య కూడళ్ళలోను ఇటువంటి పరికరాలు అమర్చాలి. కెమెరా ఉన్నదని ముందే బోర్డు పెట్టాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి.

ఎర్రలైటు దాటిన వాహనాన్ని ఫొటో తీసే కెమెరాలపై వాదన ప్రపంచమంతటా ఉన్నదే. అమెరికా ఫెడరల్ హైవే విభాగం 2005లో వెలువరించిన అధ్యయనంలో, ఇవి ఉన్న కూడళ్ళలో అడ్డంగా వచ్చి ఢీకొనే ప్రమాదాలు సుమారు 25 శాతం తగ్గగా, వెనుక నుండి గుద్దుకునేవి సుమారు 15 శాతం పెరిగాయి. అడ్డంగా ఢీకొనేవి ఎక్కువ తీవ్రమైనవి కనుక మొత్తం మీద కొంత మేలు జరిగినట్లే లెక్క.

తెలంగాణలో వాదన ఎక్కువగా చలానాల చుట్టూ తిరిగింది. 2022 మార్చిలో పెండింగు చలానాలపై ప్రభుత్వం భారీ రాయితీ ఇచ్చింది. ద్విచక్ర వాహనదారులు పావు వంతు చెల్లిస్తే సరిపోయింది. 2023 డిసెంబరులో మళ్ళీ రాయితీ ప్రకటించారు. దీనితో జరిమానా భద్రత కొరకా, రాబడి కొరకా అన్న విమర్శ బలపడింది.

కొండగట్టు దారిలో ఎర్రలైటు లేదు, దాటిన సిగ్నలూ లేదు. కూడలి కెమెరా బ్రేకుల అరుగుదలను చూడలేదు. తరువాతి బస్సు ఎప్పుడు వస్తుందో తెలియక, నిండిన బస్సులోనే ఎక్కే పల్లె ప్రయాణికుని ఇబ్బంది దానికి పట్టదు. ఆ పని డిపోలోని తనిఖీది, సర్వీసుల సంఖ్యది. ప్రమాదం తరువాత ఘాట్ రోడ్డుపై బస్సులను నిలిపివేశారు.