కొండ కదల్లేదు, జిల్లా కదిలింది

సంక్రాంతి వెళ్ళిన వారం. పొద్దు పొడవక ముందే వినుకొండ కొండెక్కారు మీరు. పైన రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడి ఊపిరి తీసుకోబోతే సన్నగా మిరప ఘాటు తగిలి తుమ్మొస్తుంది. మంచు విడుతున్నకొద్దీ కింద ఊరు, ఊరి పక్కన గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు పట్టాలు తేలతాయి. దక్షిణాన గుండ్లకమ్మ. వాయవ్యాన బొల్లాపల్లి మిట్టలు, వాటి వెనక అడవి. తక్కిన నేలంతా పత్తి, మిరప. కల్లాల్లో కాయ ఆరబోసిన చోటల్లా ఎరుపు.

ఎంత చూసినా సరిహద్దు మాత్రం ఒక్కటీ కనబడదు. మీరు నిలబడ్డ ఈ బండ 1904 దాకా కృష్ణా జిల్లాది. ఆ ఏడు అక్టోబరులో గుంటూరు జిల్లా పుడితే అందులోకి వచ్చింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అద్దంకి అటు పోయింది, వినుకొండ ఇటే మిగిలింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా, నరసరావుపేట కేంద్రం. మహాకవి జాషువా 1895లో పుట్టింది ఇక్కడే. ఆయనది గుంటూరు జిల్లా అని మనమంతా బళ్ళో చదువుకున్నాం గానీ, పుట్టేనాటికి ఆ జిల్లాయే లేదు.

సరిహద్దులు చూడాలంటే కొండ దిగి తహసీల్దారు కార్యాలయానికి రావాలి. సోమవారం, అర్జీల రోజు. వరండాలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన పక్కన చోటిస్తాడు. సంచిలో పాసు పుస్తకం, 1బి నకలు, అడంగల్. అన్నదమ్ములు పంచుకున్న పొలం ఇంకా ఒకే సర్వే నంబరులో ఉంది, సబ్‌డివిజన్ చేయాలి.

"ఒకప్పుడు కరణంగారి అరుగు మీద తేలేది బాబూ," అంటాడు.

"తేలేదా, ఆయన తేల్చినట్టు తేలేదా?"

నవ్వేస్తాడు. 1984లో కరణం, మునసబు పోయారు. 1985లో తాలూకాలు చీలి మండలాలొచ్చాయి. పాత తాలూకా మనిషికి కచేరీ అంటే పూట ప్రయాణం. మండలం వచ్చాక అది కాస్త దగ్గరైంది. ఎన్టీఆర్ చేసినవాటిలో పల్లెకు బాగా అందింది ఇదేనని నాకనిపిస్తుంది. 2019లో సచివాలయం ఊళ్ళోకే వచ్చింది. అయినా పెద్దాయన ఇక్కడే కూర్చున్నాడు. సర్వేయరు కొలవాలి, వీఆర్వో రాయాలి, ఆర్‌ఐ చూడాలి, ఆపైన తహసీల్దారు. ఇక్కడ తెగకపోతే నరసరావుపేట ఆర్డీవో. జిల్లా కచేరీ కూడా ఇప్పుడు అక్కడే. గుంటూరు కంటే అది సగం దూరమే, నిజమే. కానీ ఆయనకు కిలోమీటర్లతో పని లేదు.

"మళ్ళీ రమ్మంటే ఇంకో రోజు కూలి పోతుందయ్యా. కోతల్లో ఇంటిమనిషి లేకపోతే కాయలో తాలు ఏరేవాళ్ళుండరు."

ఈ సరిహద్దు గీతల్ని లెక్కచేయనిది నీళ్ళొక్కటే. 1967లో నీరు వదిలిన సాగర్ కుడి కాలువ పల్నాడులో పారుతూనే ప్రకాశంలోకి పోతుంది. దానికి వాలు చాలు, కలెక్టరు పేరుతో పని లేదు. ఆ వాలుకు ఎత్తుగా ఉన్నందుకే బొల్లాపల్లి మిట్టలు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఎదురుచూస్తున్నాయి. వినుకొండ, నూజెండ్ల, శావల్యాపురం, ఈపూరు, బొల్లాపల్లి: ఐదూ ఒకే ఎమ్మెల్యేకు ఓటేస్తాయి. మిట్టకూ పల్లానికీ మాత్రం పోలిక లేదు.

మధ్యాహ్నానికి ఆయన అర్జీకి రసీదు వస్తుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పాసు పుస్తకంలో దూర్చి లేస్తాడు. సాయంత్రం లారీకి మిరప టిక్కీలు ఎత్తించాలట.

"ఎక్కడికి, నరసరావుపేటకా?"

"అక్కడేముంది? కాయితాలకైతే పేట. కాయకు ఎప్పుడైనా గుంటూరు యార్డే."