అణువుల అన్వయము

కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కొలాచలము మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలములేని మాట వ్రాయనని ఆయన ప్రతిన. పాణిని మహర్షి తనకు పూర్వులైన వైయాకరణులను పదిమందిని పేరుపేరున స్మరించెను. వారిలో పెక్కుర గ్రంథములు నేడు దొరకవు. ఆ స్మరణచేతనే పేర్లు నిలిచినవి. పూర్వుల నుదాహరించుట మనకు క్రొత్తగాదు. దానిని లెక్కకు దింపుట క్రొత్త. 1964 లో అమెరికాలో యూజీన్ గార్ఫీల్డు అను నాతడు, ఏ శాస్త్రవ్యాసమును ఎవ్వరెవ్వ రుదాహరించిరో తెలుపు పట్టికను ప్రకటింప మొదలిడెను. నేడు పండితుని గౌరవము, ఒక్కొక్కచోట ఉద్యోగము సైతము, ఆ లెక్కనుబట్టి తూచబడుచున్నది. మా పత్తర్‌గట్టిలో ముత్యాల వర్తకుడు ముత్యమును తూచి విడువడు, వెలుగునకు పట్టి చూచును. ఈ లెక్కను కూడ అట్లు చూతము.

పాతబస్తీనుండి మూసీనది దాటి నాంపల్లి దారిని పోయినచో గోల్డెన్ త్రెషోల్డు అను భవనము కలదు. అది సరోజినీనాయుడుగారి యిల్లని లోక మెరుగును. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు రసాయనశాస్త్ర పండితులని యెరిగినవారు తక్కువ. 1974 లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట ఆ యింటనే నడచి, పిమ్మట గచ్చిబౌలికి తరలెను. 1979 లో ఆ విద్యాలయమున చేరి, 2009 లో బెంగుళూరు వెళ్లువరకు ముప్పదియేండ్లు పనిచేసినవారు దేశిరాజు గౌతమ్ గారు. వారు 1952 లో మద్రాసున జన్మించిరి.

వారి శాస్త్రమును మన పరిభాషలోనే చెప్పవచ్చును. అక్షరములు కూడి పదమైనట్లు పరమాణువులు గట్టి బంధముతో కూడి అణువగును. పదములు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనందురు గదా! అణువులును అట్లే తమ రూపము విడువక, బలహీనములైన ఆకర్షణలతో వరుసదీరి స్ఫటికమగును. పటికబెల్లపు పలుకు అట్టి వాక్యమే. ఈ అన్వయమును విచారించు శాస్త్రమునకు సూప్రమాలిక్యులర్ రసాయనమని పేరు. దానికై లేన్, క్రామ్, పెడర్సన్ అను మువ్వురకు 1987 లో నోబెలు బహుమాన మీయబడెను.

కోరిన స్ఫటికమును ముందుగా ఊహించి కట్టవచ్చునా యనునది గౌతమ్ గారి ప్రశ్న. ఇజ్రాయేలు దేశమున ష్మిట్ అను పండితుడు 1971 నాటికే ఆ త్రోవ త్రొక్కియుండెను. 1989 లో గౌతమ్ గారు దానిపై గ్రంథము వ్రాసిరి. 1995 లో ఒక జర్మను పత్రికయందు, అణువులు మాటిమాటికి ఒకదాని నొకటి పట్టుకొను తీరులకు సూప్రమాలిక్యులర్ సింథానులని పేరిడిరి. రెండు ఆమ్లపు అణువులు ఎదురెదురుగా నిలిచి, ఒకదాని హైడ్రొజను రెండవదాని ఆక్సిజనును అందుకొనుట అట్టి తీరు. సింథాను అను మాటను 1967 లో కోరీ అను అమెరికా పండితుడు వేరొక పనికి కల్పించెను. వీరు దానిని అణువునుండి స్ఫటికమునకు తెచ్చిరి. ఆ యొక్క వ్యాసమే వేలకొలది వ్యాసముల ఉదాహరింపబడెను. ఒకే మందు స్ఫటికభేదముచే వేరువేరుగా కరగును గనుక, ఔషధములు చేయువారికిని అది పనికివచ్చెను.

వారి వ్యాసములు నాలుగువందలకు పైబడినవి. అన్నింటికి ఒక్క యాదరణ లేదు; ఎవ్వరికి నుండదు. అదియునుగాక, పూర్వపక్షముగా తెచ్చి ఖండించినను పట్టికలో ఒకటిగనే లెక్క. ఇందులకు వారి శాస్త్రమునందే నిదర్శనము కలదు. కర్బనము నంటిన హైడ్రొజను కూడ బంధము కలుపునని న్యూజిలాండున పుట్టిన జూన్ సూటర్ అను విదుషి లండనులో పనిచేయుచు 1962 లో వ్రాసెను. 1968 లో డానహ్యూ అను పండితుడు ఆమెను పేర్కొనియే ఖండించెను. ఆ మాట మూలబడెను. కేంబ్రిడ్జిలో టేలర్, కెన్నార్డ్ అనువారు 1982 లో అనేక స్ఫటికములను పరీక్షించి ఆమె చెప్పినదే నిజమని తేల్చిరి. గౌతమ్ గారు 1991 లో ఆ బంధముపై వ్యాసమును, 1999 లో స్టైనరుతో కలిసి దుర్బల హైడ్రొజను బంధములపై గ్రంథమును వ్రాసిరి. 2011 లో అంతర్జాతీయ రసాయన సంఘము హైడ్రొజను బంధమునకు క్రొత్త నిర్వచనము చేసినపుడు, దానిని కూర్చిన మండలిలో వారును ఒకరు. ఆ నిర్వచనమున కర్బనమునకును చోటు దొరకెను.